పడుకున్నది ఎనిమిది గంటలు, పట్టింది ఐదున్నర

మా బాబాయికి 69 ఏళ్లు. మూడేళ్లుగా ఆయన నోట ఒకటే మాట: "రాత్రి కన్నంటుకోలేదురా." చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్లి నిద్ర మాత్ర రాయమని అడిగాడు. ఆవిడ మాత్ర రాయలేదు. ఎప్పుడు పడుకున్నదీ, ఎప్పుడు లేచిందీ, పగలంతా ఏం చేసిందీ రెండు వారాలపాటు ఒక నోటుబుక్కులో రాసుకుని రమ్మంది. "నిద్ర రావట్లేదంటే హోమ్‌వర్క్ ఇస్తుందేంటి" అని బాబాయి రెండ్రోజులు విసుక్కుని, మూడో రోజు నుంచి రాయడం మొదలుపెట్టాడు.

ఆ పుస్తకం నేను చూశాను. ఒక పేజీ ఇలా ఉంది: "9:00 పడక. 10:15కి పట్టినట్టుంది. 1:10 బాత్రూమ్. పావుగంటకి మళ్లీ పట్టింది. 3:00 బాత్రూమ్. తర్వాత పట్టలేదు. 4 దాటాక మాగన్ను. 5:00 లేచాను. మధ్యాహ్నం కుర్చీలో కాసేపు. సాయంత్రం 6కి కాఫీ. రాత్రి భోజనమయ్యాక బీపీ మాత్రలు." మార్జిన్‌లో పిన్ని పెన్సిల్‌తో రెండు ముక్కలు చేర్చింది. ఒకటి: "కాసేపు కాదు, గంటంబావు." రెండోది: "ఒంటిగంట ముందు గురక ఆగిపోయింది. భయమేసి తట్టి లేపాను."

పెద్దవయసు మగవాళ్ల నిద్రలేమి గురించి తెలుసుకోవాల్సినదాంట్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క పేజీలోనే ఉంది. "నిద్ర పట్టట్లేదు" అనేది వినడానికి ఒకే ఫిర్యాదు. విప్పి చూస్తే అందులో నాలుగైదు ముడులుంటాయి. చిక్కేమిటంటే, ఒక ముడిని వదులు చేసే మందు ఇంకో ముడిని బిగించగలదు.

వయసు వాటా ఎంత?

"పెద్దాళ్లకి నిద్ర తక్కువే" అనే మాట సగమే నిజం. నిద్ర అవసరం వయసుతో పెద్దగా తగ్గదు. 65 దాటినవాళ్లకు 7 నుంచి 8 గంటలు కావాలని అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో చెప్పింది. అంతకన్నా చిన్న వయసు పెద్దలకు చెప్పింది 7 నుంచి 9. తేడా అంతే. బాగా తగ్గేది నిద్ర లోతు.

ఆ లోతు మగవాళ్లలో అనుకున్నదానికన్నా చాలా ముందే పోతుంది. 16 నుంచి 83 ఏళ్ల మధ్య ఉన్న 149 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల నిద్రను పరిశీలించి ఈవ్ వాన్ కాటర్ బృందం 2000లో ఫలితాలు ప్రచురించింది. పాతికేళ్లలోపు వాళ్ల నిద్రలో గాఢ నిద్ర దాదాపు 19 శాతం. 36 నుంచి 50 ఏళ్ల వాళ్లలో అది మూడున్నర శాతానికి అటూఇటూగా ఉంది. అంటే ఈ నష్టంలో ఎక్కువ భాగం ఉద్యోగం చేసే రోజుల్లోనే జరిగిపోతుంది, రిటైరయ్యాక దాని సంగతి తెలుస్తుంది. 2004లో మారిస్ ఒహయాన్ బృందం 65 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఇంకో విషయం తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 60 దాటాక చెప్పుకోదగ్గంతగా తగ్గుతూ పోయేది ఒక్కటే: మంచం మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయిన సమయం ఎంత అనే వాటా. కాబట్టి 60లో బాగానే నిద్రపోయిన మనిషికి 70లో నిద్ర ఘోరంగా పాడైతే, దాన్ని వయసు ఖాతాలో రాసేసి ఊరుకోకూడదు. వయసుతోపాటు ఇంట్లోకి వచ్చిన వేరే ఏదో చేస్తున్న పని అయి ఉంటుంది.

వయసు చేసే పని ఇంకొకటుంది. మెదడు అడుగున ఉండే జీవగడియారం కాస్త ముందుకు జరుగుతుంది. అందువల్ల రాత్రి 9కే కళ్లు మూతలు పడతాయి, 4కే తెలివి వచ్చేస్తుంది. 9 నుంచి 4 దాకా పడుకుని, పొద్దున హుషారుగా ఉంటే అది నిద్రలేమి కాదు. ఆయనకు అందరికన్నా ముందు తెల్లవారుతోంది, అంతే. వైద్యులు దీర్ఘకాల నిద్రలేమి అనేదానికి కొలతలున్నాయి. పడుకోవడానికి వీలు, సమయం ఉండి కూడా నిద్ర పట్టకపోవడమో, మధ్యలో తెలివొచ్చి మళ్లీ పట్టకపోవడమో, మరీ ముందే మెలకువ వచ్చేయడమో వారానికి కనీసం 3 రాత్రులు, కనీసం 3 నెలలపాటు జరగాలి. దానివల్ల పగలు కూడా చెడాలి: నీరసం, మతిమరుపు, చిరాకు, పనిలో తప్పులు. ఆ పగటి భాగం లేకపోతే జబ్బు పేరు పెట్టరు.

లెక్కల్లో నిద్రలేమి ఆడవాళ్లకే ఎక్కువ, మగవాళ్లకన్నా దాదాపు 1.4 రెట్లు. అయితే మగవాళ్ల విషయంలో ఆ లెక్క వెనక కొంత మౌనం కూడా ఉందని నా అనుమానం. మోకాలి నొప్పి గురించి అరగంట మాట్లాడే పెద్దాయన నిద్ర సంగతి వచ్చేసరికి "ఏదో, గడిచిపోతోంది" అని తేల్చేస్తాడు. రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తున్నాడో చెప్పడానికి ఇంకా మొహమాటం.

ఒంటిగంటకు లేపింది ఎవరు?

ఆ మొహమాటం దగ్గరే అసలు కథ మొదలవుతుంది. పెద్దవయసు మగవాళ్ల నిద్ర మధ్యలో తెగడానికి చాలా తరచుగా కనపడే కారణం మూత్రం. ప్రోస్టేట్ గ్రంథి వయసుతో ఉబ్బుతుంది. యాభైల్లో ఉన్న మగవాళ్లలో సుమారు సగం మందికి, ఎనభైల్లోకి వచ్చేసరికి పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి ఈ మార్పు కనిపిస్తుంది. ఉబ్బిన గ్రంథి దారిని నొక్కుతుంది. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు, కాబట్టి త్వరగా మళ్లీ నిండుతుంది.

అయితే రాత్రి లేచిన ప్రతిసారీ ప్రోస్టేట్ మీదే నేరం మోపడం పొరపాటు. తేల్చుకోవడానికి చాలా మామూలు పరికరం సరిపోతుంది: గీతలున్న ప్లాస్టిక్ మగ్గు. మూడు రోజులపాటు ఎప్పుడెంత పోస్తున్నారో కొలిచి రాసుకోవాలి. లేచిన ప్రతిసారీ కొంచెం కొంచెమే వస్తుంటే ప్రోస్టేట్‌నో మూత్రాశయాన్నో అనుమానించాలి. ప్రతిసారీ మగ్గు నిండా వస్తుంటే సమస్య గొట్టంలో లేదు, ట్యాంకులోకే నీరు ఎక్కువ వస్తోంది. పెద్దవాళ్లలో రోజు మొత్తం పోసిన మూత్రంలో మూడో వంతుకు మించి రాత్రే తయారవుతుంటే దానికి ప్రత్యేకంగా కారణం వెతుకుతారు.

ఆ కారణాల్లో షుగర్ ఒకటి. కాళ్లకు పట్టిన నీరు ఇంకొకటి. పగలంతా చీలమండల దగ్గర నిలిచిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి కిడ్నీలకు చేరుతుంది. సాయంత్రం సాక్సు తీసినప్పుడు లోతుగా గుర్తులు పడి ఉంటే గమనించండి. అలాంటివాళ్లకు మధ్యాహ్నం పూట కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుని కూర్చోవడం రాత్రి ఒక ట్రిప్పు తగ్గించవచ్చు. గుండె బలహీనపడినా కాళ్లకు నీరు పడుతుంది కాబట్టి వాపు కొత్తగా వస్తే డాక్టర్‌కు చూపించాల్సిందే.

మూడో కారణం చాలామంది ఊహించనిది. అది గొంతులో ఉంటుంది.

పిన్ని పెన్సిల్‌తో రాసింది దాని గురించే. నిద్రలో గొంతు వెనక కండరాలు సడలి, ఊపిరి దారి మూసుకుపోవడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఛాతీ ఊపిరి లాగాలని చూస్తుంది, దారి మూసి ఉంటుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద గుర్రుతో ఊపిరి మళ్లీ మొదలవుతుంది. ఇది రాత్రంతా జరుగుతుంది, మనిషికి ఏమీ గుర్తుండదు. మూసుకున్న దారిలోంచి గాలి లాగే ప్రయత్నంలో ఛాతీ లోపలి ఒత్తిడి పడిపోయి, గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడుతుంది. ఉప్పును, నీటిని బయటికి తోసేయమని కిడ్నీలకు చెప్పే హార్మోన్ వదులుతుంది. మూత్రం తయారవుతుంది. బాబాయి "మూత్రం వచ్చి లేచాను" అని రాశాడు. నిజానికి ఆయన్ని లేపింది ఊపిరి. లేచాక మూత్రం సంగతి తెలిసింది.

స్లీప్ ఆప్నియా ఉందో లేదో అనుమానించడానికి డాక్టర్లు వాడే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటుంది: గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, అధిక బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు మించిన మెడ, మగవాడు కావడం. మూడు "అవును"లు వస్తే అనుమానం, ఐదొస్తే గట్టి అనుమానం. పెద్దవయసు మగవాడికి పరీక్ష రాయకముందే రెండు మార్కులు పడిపోతాయన్నమాట. పిన్ని రాసిన ఒక్క వాక్యంతో బాబాయికి ఇంకో రెండు పడ్డాయి, బీపీ కలిపితే ఐదు. పరీక్ష చేయిస్తే ఊపిరి గంటకు 22 సార్లు తెగుతోందని వచ్చింది. ఇది మధ్యస్థం. 30 దాటితే తీవ్రం అంటారు.

దీనికి మందు మాత్ర కాదు, గాలి. ముక్కుకు మాస్కు పెట్టి, దారి మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ 1981లో పరిచయం చేశాడు. ఈ రోజుకీ అదే ముఖ్య చికిత్స. అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదటి రాత్రే మాస్కు పీకేసి "ఇది నా వల్ల కాదు" అనేవాళ్లు చాలామందే. బాబాయి ఆ మాట నాలుగు రాత్రులు అన్నాడు.

మందుల పెట్టెలో

డెబ్భై దగ్గరపడ్డ మనిషి వేసుకునే మాత్రల్లో నిద్రను చెడగొట్టేవి ఒకటో రెండో ఉండటం మామూలే. బీపీకి, కాళ్ల వాపుకు ఇచ్చే, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర (నీటి మాత్ర అంటారు) రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే ఒంటిగంటకు అలారం పెట్టుకున్నట్టే. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లలో కొన్ని, నిద్రవేళ అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్‌ను తగ్గిస్తాయి, పీడకలలు తెప్పిస్తాయి. స్టెరాయిడ్లు, ముక్కు దిబ్బడ మందులు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు ఉత్సాహం ఎక్కిస్తాయి. వీటిని మానేయమని కాదు. వేసుకునే వేళ మార్చవచ్చా అని అడగాలి. బీపీ మాత్రలు రాత్రి వేసుకుంటేనే గుండెకు మంచిదని ఒక ప్రచారం ఉండేది. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా లేదని తేలింది. అందుకని ఈ ప్రశ్న డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగొచ్చు.

ఇక ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునే "నిద్రొచ్చే" మాత్రలు. పాతకాలపు అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్‌ను చాలామంది నిద్ర కోసం వేసుకుంటారు. ప్రోస్టేట్ ఉబ్బిన మగవాడికి ఇది మంచిది కాదు. ఇది మూత్రాశయ కండరాన్ని మందగింపజేస్తుంది, ఒక్కోసారి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. మర్నాడు బుర్ర మొద్దుబారడం అదనం.

డాక్టర్లు రాసే నిద్ర మాత్రల లెక్క కూడా చూద్దాం. 60 దాటినవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి 2005లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో విశ్లేషణ వచ్చింది. మాత్ర వల్ల పెరిగిన నిద్ర సగటున 25 నిమిషాలు. 13 మంది వేసుకుంటే ఒకరికి నిద్ర మెరుగైంది, 6 మంది వేసుకుంటే ఒకరికి ఏదో ఒక దుష్ఫలితం కలిగింది. 25 నిమిషాల కోసం తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు లాంటి ముప్పులు నెత్తికెత్తుకోవాలా అనేది ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిన బేరం. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి చీకట్లో నడిచే మనిషి విషయంలో నా అభిప్రాయం స్పష్టం. పెద్దవాళ్లకు తగని మందులంటూ అమెరికా వృద్ధవైద్య సంఘం తయారుచేసే బీర్స్ పట్టికలో ఆల్ప్రజోలమ్, డయజిపామ్ కుటుంబం, జోల్పిడెమ్ కుటుంబం రెండూ ఉన్నాయి. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో కొన్ని మత్తు మందులు గొంతు కండరాలను ఇంకా సడలించి, ఊపిరి ఆగినప్పుడు మెదడు లేపే ఏర్పాటును కూడా మందగింపజేస్తాయి. బాబాయి అడిగిన మాత్ర డాక్టరమ్మ అడగ్గానే ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

ఏళ్ల తరబడి వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే నిద్ర ముందుకన్నా చెడొచ్చు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్కలో వారాలు, నెలలు తీసుకుని కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

పగలు తినేసిన నిద్ర

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఈ రెంటినీ ఒకే తాటిమీద కట్టినవాళ్లు శరీరశాస్త్రం చదవకుండానే సరిగ్గా చెప్పారు. నిద్ర కూడా ఆకలి లాంటిదే. మేలుకున్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అదే నిద్రాకలి. నిద్రపోతే అది కరిగిపోతుంది. దీనికి తోడు గడియారం ఏ వేళకు నిద్ర రావాలో చెబుతుంది. ఈ రెండూ కలిస్తేనే మంచి నిద్ర అని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బార్బెలీ 1982లో ప్రతిపాదించాడు. దాన్నే ఇప్పటికీ పాఠంగా చెబుతున్నారు.

మధ్యాహ్నం గంటంబావు కుర్చీలో కునికితే ఏమవుతుంది? భోజనానికి ముందు కడుపు నిండా చిరుతిండి తిన్నట్టే. రాత్రి 9కి పక్క వేసుకుంటే ఆకలి ఎక్కడిది? మధ్యాహ్నం కునుకు తప్పేమీ కాదు, అరగంటలోపు, మూడింటిలోపు ముగిస్తే చాలు. చిక్కంతా సాయంత్రం టీవీ ముందు తెలియకుండా పట్టేసే కునుకుతోనే. అది చాలామంది లెక్కలోకే రాదు. అడిగితే "పడుకోలేదు, కళ్లు మూసుకున్నానంతే" అంటారు.

కాఫీలోని కెఫీన్ అడెనోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో తాను కూర్చుంటుంది. నిద్రాకలి ఉంటుంది కానీ మెదడుకు తెలియదు. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన కాఫీలో సగం పదకొండుకి ఇంకా తిరుగుతూనే ఉంటుందన్నమాట. "నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది" అనేవాళ్లకు పట్టొచ్చు, దాని లోతు మాత్రం తగ్గుతుంది.

మద్యం సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ముందు పడుకోబెడుతుంది, తర్వాత లేపుతుంది. మొదటి రెండు మూడు గంటలు మత్తు. అది దిగేకొద్దీ నిద్ర ముక్కలవుతుంది. గొంతు కండరాలను సడలించి గురక పెంచుతుంది, మూత్రం పెంచుతుంది. పైన చెప్పిన ముడులన్నిటినీ ఒకేసారి బిగించేది ఇదొక్కటే. సిగరెట్టు ఉత్తేజకం, అది పడుకునే ముందు ఎందుకూ పనికిరాదు.

రిటైర్మెంట్ నిద్రను ఎలా దెబ్బతీస్తుందో నాకు బాబాయిని చూశాకే అర్థమైంది. లేవడానికి తొందర లేదు. కాబట్టి పడుకోవడానికీ వేళ లేదు. ఎండలో నడక లేదు. వెలుతురు జీవగడియారానికి తాళం చెవి లాంటిది. పైగా వయసుతో కంటి కటకం పసుపెక్కి, గడియారాన్ని సరిచేసే నీలి కాంతిని అడ్డుకుంటుంది. అంటే ముసలి కంటికి వెలుతురు ఇంకా ఎక్కువ కావాలి. దొరికేది మాత్రం గదిలో ట్యూబులైటు. బాబాయి లాగా 9కే నిద్ర ముంచుకొచ్చి 3, 4కే మెలకువ వచ్చేవాళ్లకు సాయంత్రపు ఎండలో నడక గడియారాన్ని కాస్త వెనక్కి జరుపుతుంది. గోరువెచ్చని నీళ్ల స్నానం కూడా పనిచేస్తుంది, కానీ పడుకోబోయే ముందు కాదు, గంటా రెండు గంటల ముందు. స్నానం తర్వాత చర్మం ద్వారా వేడి బయటికి పోయి లోపలి ఉష్ణోగ్రత దిగుతుంది. ఆ దిగడమే నిద్రకు సంకేతం.

మనసు సంగతి తక్కువ మాటల్లో చెప్పేది కాదు, అయినా ఒకటి చెప్పాలి. మగవాళ్లలో డిప్రెషన్ ఏడుపుగా కనిపించకపోవచ్చు. చిరాకుగా, మౌనంగా, ప్రతిదానికీ తప్పు పట్టడంగా, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడంగా కనిపిస్తుంది. భార్య పోయాక ఆర్నెల్లకీ ఏడాదికీ "నిద్ర తప్ప ఇంకేం ప్రాబ్లం లేదు" అనే పెద్దాయన విషయంలో ఆ నిద్రే తలుపు. నిద్రలేమి ఉన్నవాళ్లకు తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని అధ్యయనాలు చెబుతున్నాయి. "ఇక బతికి ఏం లాభం" లాంటి మాట వినిపిస్తే ఆయన్ని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లండి.

ఏది కారణం, ఏది ఫలితం?

నిద్ర తక్కువైతే బీపీ, షుగర్, గుండెజబ్బు, మతిమరుపు అంటూ వార్తలు భయపెడుతుంటాయి. వీటిలో బలమైన సాక్ష్యమూ ఉంది, తొందరపాటూ ఉంది. 65 దాటిన మగవాళ్లనే ఎంచుకుని అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం నడిచింది. మొదట ఎముకల విరుగుళ్ల కోసం పెట్టింది, తర్వాత దాంట్లో నిద్ర కూడా చేర్చారు. బీపీ లేని 784 మందిని మూడేళ్లకు పైగా గమనిస్తే, గాఢ నిద్ర అతి తక్కువగా ఉన్నవాళ్లకు బీపీ వచ్చే అవకాశం అతి ఎక్కువగా ఉన్నవాళ్లకన్నా 80 శాతం అధికంగా కనిపించింది. ఎన్ని గంటలు పడుకున్నారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగుతుంది. గుండెకూ రక్తనాళాలకూ అదే విశ్రాంతి. నిద్ర ముక్కలైతే ఆ దిగడం సరిగా జరగదు.

మతిమరుపు విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. బ్రిటన్‌లో దాదాపు 8,000 మందిని పాతికేళ్లు గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. 50 నుంచి 70 ఏళ్ల దాకా ఆరు గంటలు, అంతకన్నా తక్కువే నిద్రపోతూ వచ్చినవాళ్లలో డిమెన్షియా 30 శాతం ఎక్కువగా కనిపించింది. కానీ డిమెన్షియా బయటపడటానికి చాలా ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి, అవే నిద్రను చెడగొట్టి ఉండొచ్చు కూడా. ఏది ఎద్దో, ఏది బండో, ఏది దేన్ని లాగుతోందో ఇంకా పూర్తిగా తేలలేదు. నిద్ర పట్టని రాత్రి మంచం మీద పడుకుని ఈ శాతాలు తలచుకోవడం వల్ల నిద్ర ఇంకా దూరమవడం మాత్రం ఖాయం.

మగవాళ్లకు అమ్మే టెస్టోస్టెరాన్ మందుల ప్రకటనల గురించి ఒక మాట. ఆ హార్మోన్ ఎక్కువగా నిద్రలోనే పెరుగుతుంది. కుర్రాళ్లను వారంపాటు రోజుకు ఐదు గంటలే పడుకోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో ఒక చిన్న ప్రయోగం చూపింది. పెద్దవయసులో నీరసానికి ఇంజెక్షన్ అడిగే ముందు గురక సంగతి తేల్చుకోవడం మేలు. ఎందుకంటే ఈ ఇంజెక్షన్ స్లీప్ ఆప్నియాను పెంచగలదు.

ఇంకో సంకేతం అసలు మరవకూడదు. నిద్రలో కలకు తగ్గట్టు చేతులు విసరడం, తన్నడం, అరవడం, పక్కనున్నవాళ్లను కొట్టడం. మామూలుగా కలలొచ్చే నిద్రలో కండరాలు కట్టేసినట్టుంటాయి. ఆ కట్టు తెగితే ఇలా అవుతుంది. 1986లో మిన్నెసోటా వైద్యులు కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ దీన్ని వర్ణించారు. ఇది ఎక్కువగా 50 దాటిన మగవాళ్లలోనే కనిపిస్తుంది. వాళ్లు గమనిస్తూ వచ్చిన 29 మంది మగవాళ్లలో 11 మందికి పార్కిన్సన్ (వణుకు జబ్బు) తరహా జబ్బు లక్షణాలు వచ్చాయని 1996లో రాశారు. ఇలాంటిది కనిపిస్తే పీడకలలని కొట్టిపారేయకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

మొదలైన కారణం పోయాక

బాబాయికి నిద్ర చెడటం మోకాలి నొప్పితో మొదలైంది. నొప్పి ఆర్నెల్లలో తగ్గింది. నిద్ర తిరిగి రాలేదు. ఈ చిక్కును అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ బాగా విప్పి చెప్పాడు: నిద్రలేమిని మొదలుపెట్టే కారణం వేరు, దాన్ని నిలబెట్టే కారణం వేరు. నిలబెట్టేది చాలాసార్లు మనం నిద్ర కోసం చేసే ప్రయత్నమే. రాత్రి పట్టలేదని ముందే పడుకోవడం, పొద్దున ఆలస్యంగా లేవడం, పగలు కునకడం, గంటకోసారి గడియారం చూడటం. మంచం చూడగానే మెదడుకు నిద్ర బదులు టెన్షన్ గుర్తొచ్చేలా తయారవుతుంది. అదే మనిషికి సోఫాలో మాత్రం హాయిగా పడుతుంది.

దీనికి మందు లేని చికిత్స ఉంది, నిద్ర చుట్టూ ఉన్న అలవాట్లనూ ఆలోచనలనూ మార్చేది. సీబీటీ-ఐ అంటారు. పెద్దల దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. దీనిలో ముఖ్యమైన ముక్క విన్నవాళ్లకు తిక్కగా అనిపిస్తుంది: నిద్ర పట్టనివాళ్లను తక్కువసేపు పడుకోమంటారు. బాబాయి మంచం మీద 9 నుంచి 5 దాకా 8 గంటలు ఉన్నాడు, నిద్రపోయింది ఐదున్నర. 69 శాతం. డాక్టరమ్మ మంచం గంటలను 6కు కుదించింది. రాత్రి 11కు ముందు పక్కెక్కకూడదు, పట్టినా పట్టకపోయినా 5కి లేవాలి. అదే ఐదున్నర గంటల నిద్ర ఆరు గంటల్లో సర్దుకుంటే 92 శాతం. ముక్కలుగా పరచిన నిద్ర దగ్గరికి చేరి చిక్కబడుతుంది. అలా 85–90 శాతం నిలబడ్డాక వారానికి పావుగంట చొప్పున సమయం పెంచుకుంటూ పోతారు. ఐదు గంటలకన్నా తక్కువకు సాధారణంగా కుదించరు. మొదటి రెండు వారాలు పగలు నిద్ర తూగుతుంది, కాబట్టి బండి నడిపేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, తేలిగ్గా తూలిపడేవాళ్లు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా చేయకూడదు. ఆప్నియా ఉంటే ముందు దాని సంగతి చూడాలి. బాబాయికి మాస్కు అలవాటయ్యాకే ఇది మొదలుపెట్టారు.

రెండో ముక్క 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పింది. నిద్ర వస్తేనే పక్కెక్కాలి. పావుగంట, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో ఏదైనా పాతది చదువుకోవాలి, నిద్ర ముంచుకొస్తేనే తిరిగి రావాలి. గడియారం చూసి కొలవకూడదు, అంచనాగా చాలు. పిన్ని గోడ గడియారం మేకు నుంచి తీసి హాల్లోకి మార్చింది.

నీటి మాత్ర పొద్దుటికి మారింది, కాఫీ రెండింటికి జరిగింది. మూడు నెలల తర్వాత నోటుబుక్కు మళ్లీ చూశాను. మాస్కుతోనే పడుకుంటున్నాడు, అది గీరుకుంటోందని మాత్రం ప్రతి ఆదివారం ఒక ఫిర్యాదు రాసి ఉంది. "10:45 పడక. 11 లోపే. 3:20 బాత్రూమ్. 5:10 లేచాను." మధ్యాహ్నం గడిలో మాత్రం ఇప్పటికీ "కాసేపు" అనే ఉంది. పక్కన పెన్సిల్‌తో: "40 నిమిషాలు."